దేవతలు అన్నకు, రాక్షసులు తమ్ముడికి

తండ్రి పోయి నెల తిరక్కుండానే అన్నదమ్ములిద్దరూ బొమ్మలాటలోని కొయ్యబొమ్మలు పంచుకున్నారు. గొడవ నిజానికి బొమ్మల గురించి కాదు. ఆయన ఉన్నన్నాళ్లూ తెర వెనక కథ చెప్పే గొంతు ఆయనదే, దారాలు లాగే చేతులు కొడుకులవి. ఆయన పోయాక ఆ గొంతు నాదంటే నాదని ఇద్దరూ పట్టుబట్టారు. వాళ్ల అక్క ఎంత చెప్పినా ఒక్కడూ తగ్గలేదు. చివరికి దేవతలంతా పెద్దవాడి పెట్టెలోకి, రాక్షసులంతా చిన్నవాడి పెట్టెలోకి చేరారు.

మిగిలింది పాము. పాలసముద్రాన్ని చిలికేటప్పుడు కొండకు తాడులా చుట్టే పాము అది. పన్నెండడుగుల పొడవు, ముప్పై నాలుగు కొయ్యముక్కలు. సగానికి కోసి పంచుకుందామని చిన్నవాడు రంపం తెచ్చేసరికి అక్క లేచింది.

"ముందు నన్ను కోసి, తర్వాత దాన్ని కొయ్యండిరా" అంది. పామును భుజాన వేసుకుని, దాని తోక నేలమీద టకటకలాడుతుండగా తన కుట్టు దుకాణానికి వెళ్లిపోయింది.

ఏడేళ్లు గడిచాయి. పెద్దవాడి ఆటలో దేవతలు ఒకరినొకరు పొగుడుకునేవారు, వరాలిచ్చుకునేవారు. చూడవచ్చినవాళ్లు ఆవలించేవారు. చిన్నవాడి రాక్షసులు తినేవారు, తన్నుకునేవారు, గురకపెట్టేవారు. పిల్లలు పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు గానీ, ఇంటికెళ్లాక కథేమిటని అడిగితే నీళ్లు నమిలేవారు. జనం ఒకాయనకు దేవుళ్లాయన అనీ, ఇంకొకాయనకు రాకాసాయన అనీ పేర్లు పెట్టేశారు.

బొమ్మల బట్టలకు మాత్రం ఇద్దరికీ అక్కే దిక్కు. ఒకడు సోమవారం వస్తే ఇంకొకడు గురువారం వచ్చేవాడు. ఓ సోమవారం పెద్దవాడు బల్లమీదున్న రాక్షసుణ్ణి ఓరగా చూసి, మోకాలి కీలు వదులైందని గొణిగి, మిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసి బిగించి పోయాడు. అక్క చూడనట్టే మిషను తొక్కుతూ ఉంది. ఆ గురువారం చిన్నవాడు ఆ కాలును రెండుసార్లు మడిచి చూసుకున్నాడు. ఎవరు బాగుచేశారని అడగలేదు.

ఒకరోజు లైబ్రరీలో పనిచేసే ఆవిడ జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, గోడకు వేలాడుతున్న పామును చూసింది. లైబ్రరీలో పిల్లల కోసం కొత్త హాలు కట్టారట. దాంట్లో మొదటి ఆటగా పాలసముద్రం కథ మొత్తం ఆడతారా అని అడిగింది. ఆడతామని అక్క నోటినుంచి వచ్చేసింది. ఆవిడ వెళ్లాక గానీ తనేం ఒప్పుకుందో తనకు తెలిసిరాలేదు. అటు దేవతలూ ఇటు రాక్షసులూ పట్టుకుని లాగితే తప్ప ఆ కథ నడవదు మరి.

దాంతో అబద్ధమాడింది. రెండోవాడు బొమ్మల్ని అరువిస్తాడనీ, మనిషి మాత్రం రాడనీ ఇద్దరికీ విడివిడిగా చెప్పింది.

ఆటకు రెండు రోజుల ముందు ఇద్దరూ ఆ హాల్లో ఎదురుపడ్డారు. పెద్దవాడు గోడవైపు తిరిగాడు. చిన్నవాడు అక్కవైపు తిరిగాడు.

"మోసం చేశావక్కా."

"చేశాను. నిజం చెబితే వచ్చేవాళ్లా?"

బొమ్మలు అప్పటికే బయటికి తీసి ఉన్నాయి. తెర వెనక ఎత్తుగా వేసిన పలకమీదికి అన్నదమ్ములు చెరో చివరనుంచి ఎక్కారు. ఇద్దరూ ఒకేసారి కథ మొదలుపెట్టారు. ఒకడు నిదానంగా లాగితే ఇంకొకడు గుంజాడు. నాలుగోసారి లాగేసరికే పాము మెలికపడింది, దారాలు చిక్కుకున్నాయి, కొండ పక్కకు ఒరిగింది. పెద్దవాడు విసుగ్గా దారాలు కట్టిన చేతికర్ర వదిలేశాడు. నాన్నకు వారసుడు ఎవరో తేల్చమని ఇద్దరూ అక్కమీదికే వచ్చారు.

అక్క తెర ముందుకు నడిచి, ఖాళీ కుర్చీలకెదురుగా నిలబడింది. చిన్నప్పటినుంచి ఆ తెర వెనకే కూర్చుని బొమ్మలకు బట్టలు కుడుతూ, ఆ కథను కొన్ని వందలసార్లు విన్నది. ఒక్కసారీ నోరు తెరవలేదు, తెరవమని ఎవరూ అడగలేదు. ఇప్పుడు తనే కథ ఎత్తుకుంది. చావు లేకుండా బతకాలని అందరికీ ఆశ పుట్టడం దగ్గర మొదలుపెట్టి, కొండను మోసుకురావడం, పామును బతిమాలుకోవడం, అన్నీ తండ్రి చెప్పిన వరసలోనే చెప్పుకుపోయింది. చిలకడం దగ్గరికొచ్చేసరికి ఆయన ఎన్నడూ చెప్పని మాట వచ్చింది.

"అటు లాగేవాళ్లకూ అమృతం మీదే కన్ను, ఇటు లాగేవాళ్లకూ అమృతం మీదే కన్ను. మధ్యలో పాము ఒళ్లు ఒరుసుకుపోతోంది. అది మాత్రం రెండు వైపులా పట్టు వదల్లేదు."

తెర వెనక ఇద్దరూ దారాల చిక్కు విప్పుతున్న అలికిడైంది. తర్వాత పాము కొయ్యముక్కలు మెల్లగా కదిలిన శబ్దం వినిపించింది. అటొకసారి, ఇటొకసారి. ఆమె మాట ఆగితే పాము ఆగింది, సాగితే సాగింది. అక్క వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుస్తానని భయం.

ఆట రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. విషంలా పైకి లేవాల్సిన నీలం గుడ్డ పోయి ఒక దేవత చేతికి తగులుకుంది. పెద్దవాడికి రెండు చేతులూ ఖాళీ లేవు. చిన్నవాడు తన రాక్షసుడి చేతికర్రను పళ్లతో పట్టుకుని, వంగి, చిక్కు విడదీశాడు. అంతసేపూ ఆ రాక్షసుడు తల ఊపుతూనే ఉన్నాడు. అక్క క్షణం కూడా తడబడకుండా, ఈ రాక్షసుడికి విషం వాసనకే కళ్లు తిరిగాయర్రా అంది. హాలంతా నవ్వింది.

అమృతం వచ్చినప్పుడు ముందు వరసలో ఓ పాప లేచి నిలబడే చూసింది.

అయ్యాక లైబ్రరీ ఆవిడ ముగ్గురికీ టీ తెప్పించింది. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే తాగారు. గ్లాసు కిందపెట్టి పెద్దవాడే ముందు నోరు విప్పాడు.

"రెండో అంకంలో నువ్వు కొంచెం తొందరపడ్డావురా."

"నువ్వు నిద్రపోయావన్నయ్యా" అన్నాడు చిన్నవాడు.

అక్కడినుంచి ఎవరు ఎక్కడ ఆలస్యంగా లాగారో, ఏ దారం ఎంత పొట్టిగా ఉండాలో అరగంట వాదించుకున్నారు. కథ ఎవరు చెప్పాలన్న ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. వచ్చే నెల ఆటకు ఏ కథ చెబుతావని అక్కనే అడిగారు. ఆలోచించి చెబుతానంది.

మర్నాడు బట్టలకోసం వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పింది. ఇకమీదట దుకాణం పొద్దుటిపూటే. మధ్యాహ్నాలు తనకు వేరే పనుంది.