ఆ పదకొండు రోజులు ఎక్కడున్నారంటే

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషిని. పాలు పొంగితే ఇల్లు కాలిపోతుందనీ, పిల్ల తుమ్మితే ఊపిరితిత్తులు చెడ్డాయనీ, ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైతే రాసే చెయ్యే లేదనీ అనుకుంటాను. మా ఆయన నాకు 'సైరన్' అని పేరు పెట్టారు. పట్టాళంలో సైరన్ మోగితే గోతిలోకి దూకాలట. "మా ఇంట్లో రోజుకు నాలుగుసార్లు మోగుతుంది. దూకుదామంటే గొయ్యి లేదు" అని అందరి ముందూ నవ్వేవారు.

ఆయన పోయిన నాలుగో నెలలో మాజీ సైనికుల సంఘం నుంచి కబురు వచ్చింది. హాలు ముందు నల్లరాయి నిలబెట్టి, పోయిన సభ్యుల పేర్లు చెక్కిస్తున్నారట. ఆయన కాగితాలు తెమ్మన్నారు. కాగితాలంటే నాకు వణుకు. నేను చదివింది ఐదో తరగతి. ఏ అక్షరం వెనక ఏ మెలిక ఉందో ఎవరికి తెలుసు? అందుకని కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన పొలాన్ని ఇప్పుడు అదే దున్నుతోంది. ట్రాక్టరు తిరగబడుతుందని నేను గట్టు మీద నిలబడి చేతులు ఊపుతుంటే, పక్క పొలం వాళ్లు "పిట్టల్ని తోలుతున్నారా పిన్నిగారూ" అంటారు.

సంఘం కార్యదర్శి గారు మర్యాదస్తులు. ఆయన చొక్కా ఇస్త్రీ మడతతో కూరగాయలు తరగొచ్చు. మమ్మల్ని కూర్చోబెట్టి, మా ఆయన సర్వీసు పుస్తకం తిప్పుతూ "యుద్ధంలో ఉన్నారు... ఎడమ చెవికి గాయం... భేష్" అన్నారు. గుండు పక్కనే పేలి ఆ చెవి పోయింది. అందుకే నలభై ఏళ్లు నేను ఆయనకు కుడివైపే నడిచాను. యుద్ధం ఎలా ఉండేదని ఎవరడిగినా "చలి" అనేవారు. అంతకు మించి ఒక్క మాట రాలేది కాదు.

కార్యదర్శి గారి వేలు ఒక పేజీ మీద ఆగింది.

"అమ్మా, ఇక్కడ ఎర్ర సిరా ఉంది."

"ఏమైనా జబ్బాండీ?"

"జబ్బయితే బాగుండేది. అనుమతి లేకుండా పదకొండు రోజులు గైర్హాజరు. శిక్ష, ఇరవై ఎనిమిది రోజులు గదిలో నిర్బంధం." ఆయన గొంతు తగ్గించారు. "మచ్చలేని సర్వీసు ఉన్నవాళ్ల పేర్లే చెక్కాలని కమిటీ తీర్మానం."

"అంటే మా నాన్న పారిపోయాడంటారా?" అంది మా అమ్మాయి.

"నేననడం లేదమ్మా. పుస్తకం అంటోంది."

తేదీలు చదవమన్నాను. చదివారు. ఆ తేదీల్లో ఆయన ఎక్కడున్నారో నాకు తెలుసు. మా ఇంట్లో ఉన్నారు. మూడేళ్ల కూతురికి జ్వరం వస్తే, 'పిల్ల దక్కదు, వెంటనే బయలుదేరండి' అని టెలిగ్రాం ఇచ్చింది నేనే. "సెలవిచ్చారు" అని చెప్పారు ఆయన. నేను నమ్మాను.

కార్యదర్శి గారు సొరుగులోంచి ఒక ఫారం తీశారు. "దీనికో మార్గముంది. ఆ రోజుల్లో ఆయన జబ్బుపడి ఎక్కడో ఆస్పత్రిలో ఉన్నారని భార్యగా మీరు సంతకం పెట్టండి. చాలు. ఇన్నేళ్ల తర్వాత అడిగేవాడెవడు?" ఆయన మంచికే చెబుతున్నారు. అది నాకు కనబడుతూనే ఉంది.

"ఇంటికెళ్లి కళ్లజోడు పెట్టుకుని చదువుకుంటానండీ" అన్నాను. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

ఇంటికి వెళ్లలేదు. ఫారం పట్టుకుని, అమ్మాయితో కలిసి బస్టాండు పక్కన హోటలు నడిపే మా మరిది దగ్గరికి వెళ్లాను. సొంత మరిది కాదు. మా ఆయన దళంలో వంటవాడుగా ఉండేవాడు. అందరూ గరిటె అంటారు. ఎర్ర సిరా మాట ఎత్తగానే చేతిలో గిన్నె కింద పెట్టాడు.

"నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు వదినా."

"వేయించుకున్నవాడు పోయాడు. చెప్పు."

"అంతకు ముందు నువ్వు రెండు టెలిగ్రాంలు ఇచ్చావు, గుర్తుందా?"

గుర్తులేకేం. ఒకసారి పిల్ల బొత్తం మింగింది. రెండోసారి మంచం మీంచి పడింది. రెండుసార్లూ ఆయన పరుగున వచ్చేసరికి అది ఆడుకుంటోంది.

"మూడోసారి మా ఆఫీసరు కాగితం చూసి పగలబడి నవ్వాడు. 'మీ ఆవిడకు ఈసారి ఏం కలొచ్చిందోయ్' అన్నాడు. సెలవు లేదు పొమ్మన్నాడు. అన్న సెల్యూట్ కొట్టి నేరుగా నా వంటింటికొచ్చి, రెండు రొట్టెలు కట్టివ్వమన్నాడు. నేను కాళ్లావేళ్లా పడ్డాను. 'వద్దన్నా, చిక్కుల్లో పడతావు' అన్నాను. ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నారు?"

"'సైరన్ మోగిందిరా. తొంభైతొమ్మిది సార్లు ఉత్తదే కావచ్చు. నూరోసారి నేను కదలకపోతే పోయేది నా పిల్ల' అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు."

నాకు ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వేసింది, వెనకే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఇంటికి వచ్చి కూర్చుంటే ఆ పదకొండు రోజులూ ఒక్కొక్కటే కళ్లముందుకు వచ్చాయి. రెండు రోజులు రావడానికి, రెండు రోజులు పోవడానికి. మధ్యలో ఏడు రోజులు మావి.

ఆయన వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. జ్వరం ముందురోజే దిగింది. పిల్ల గడపలో కూర్చుని తన చెయ్యంత దోసకాయను కొరుకుతోంది. ఆయన సంచి పడేసి, బూట్లతోనే మెట్టు మీద కూలబడి, దాని నుదురు, మెడ, పొట్ట, అరికాళ్లు తడిమి చూశారు. నేను తలుపు చాటున తిట్ల కోసం నిలబడ్డాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి ముఖం మోచేతిలో దాచుకున్నారు. అది నవ్వేనా అని నేను అడగలేదు.

తర్వాత లేచి, "పొలం ఎందుకలా బీడుగా పడుంది?" అన్నారు. మామగారికి నడుము పట్టేసిందనీ, కూలీలు దొరకలేదనీ చెప్పాను. వాన కురిసి రెండు రోజులైంది. ఆయన గుప్పెడు మట్టి తీసి, పిసికి, వేళ్లు విప్పి చూశారు.

"పదును మీదుంది. వారం ఆగితే రాయైపోతుంది."

"మరి మీ సెలవు?"

"పదునుకు సెలవు చీటీ ఎవరిస్తారే పిచ్చిదానా."

నాలుగు రోజులు ఎడ్లు కట్టి దున్నారు. రెండు రోజులు మొక్కజొన్న విత్తారు, పిల్లను మెడ మీద ఎక్కించుకుని. ఏడో రోజు ఏ పనీ పెట్టుకోలేదు. పిల్లకు జడ వేశారు. పగ్గం పేనినట్టు ఎంత బిగించారంటే దాని కనుబొమ్మలు పైకి లేచి, సాయంత్రం దాకా దేన్ని చూసినా ఆశ్చర్యపోతున్నట్టే ఉంది. మర్నాడు పొద్దున్నే బూట్లు తుడుచుకుని తనంతట తానే బయలుదేరారు. ఎక్కడికి పోతున్నారో, అక్కడ ఏం కాచుకుని ఉందో ఆయనకు తెలుసు. అయినా గుమ్మంలో నాతో అన్నది ఒక్కటే: "కలుపు తీయించు."

ఆ ఏడాది మా ఊళ్లో సగం పొలాలు బీళ్లే. మా ఇంట్లో మాత్రం గింజలున్నాయి. పట్టాళం నుంచి వచ్చేశాక కూడా ముప్పై ఏళ్లు ఆయన తాడు పట్టి సాళ్లు వేశారు. "మొక్కలకు కవాతు నేర్పుతున్నావా?" అని ఎగతాళి చేసేవారు జనం. ఆ సాళ్ల గురించి ఏ పుస్తకంలోనూ, ఏ సిరాతోనూ ఎవరూ రాయలేదు.

"సంతకం పెట్టెయ్యవే అమ్మా" అంది మా అమ్మాయి. "నా జ్వరం వల్ల నాన్న పేరు లేకుండా పోతే నేను ఆ రాయి ముందు నుంచి ఎలా నడవను?"

"జ్వరం వల్ల కాదు. నా వల్ల."

"అయితే మరీ మంచిది, నువ్వే దిద్దు."

"దిద్దితే ఏమవుతుందో ఆలోచించావా? ఆ ఏడు రోజులూ ఆయన ఇంట్లో లేనట్టేగా. ఏదో ఆస్పత్రిలో ఉన్నట్టు. నీకు జడ వేసింది ఎవరు మరి? పొలం విత్తింది ఎవరు?"

"ఎప్పుడూ భయపడే దానివి, ఇప్పుడేమిటే ఈ మొండితనం?"

"భయం లేదని ఎవరన్నారు?" అన్నాను. ఫారం తిరగేసి, వెనకవైపు ఖాళీలో రాయడం మొదలుపెట్టాను.

రాయిని ఆవిష్కరించే రోజు వచ్చింది. ఇరవై మూడు పేర్లు, తెల్లటి అక్షరాలు. మా ఆయన పేరు లేదు. హాల్లో మూడో వరుసలో కూర్చున్నాం. పైన ఫ్యాను ఊగుతోంది; అది నా నెత్తిన పడడానికే తయారైనట్టుంది. ఒక్కొక్క కుటుంబం లేచి రెండు నిమిషాలు మాట్లాడుతోంది. పేరు లేని వాళ్లను ఎలాగూ పిలవరు. పిలవకుండానే లేచాను. మా అమ్మాయి కొంగు పట్టుకుంది. వదిలించుకున్నాను.

మైకు ముందు నిలబడ్డాను. "మా ఆయన పేరు ఈ రాయి మీద లేదు" అన్నాను. నా గొంతు గోడకు తగిలి నాకే తిరిగి వచ్చింది. "ఆయన పదకొండు రోజులు డ్యూటీలో లేరు, నిజమే. ఎక్కడున్నారో నేను చెబుతాను."

చెప్పాను. బొత్తం సంగతి చెప్పాను, మంచం సంగతి చెప్పాను, దోసకాయ సంగతి చెప్పాను. కొందరు నవ్వారు. నవ్వనిచ్చాను.

"అమ్మా, రెండు నిమిషాలైపోయింది" అన్నారు కార్యదర్శి గారు మెల్లగా.

"పదకొండు రోజుల సంగతి రెండు నిమిషాల్లో ఎలా అవుతుందండీ?"

ఎవరో మైకు కట్టేశారు. వెనక నుంచి గరిటె లేచాడు. "వదినా, గట్టిగా చెప్పు! నీ గొంతుకు మైకెందుకు, మీ ఆయనకు వంద కోసుల దూరం వినబడింది!"

గట్టిగానే చెప్పాను. "పారిపోయినవాడు తనంతట తాను తిరిగి వెళ్లి శిక్షకు నిలబడతాడా? ఆయన యుద్ధంలో నిలబడ్డారు, పొలంలో నిలబడ్డారు, నా పిచ్చి భయానికి కూడా నిలబడ్డారు. ఉత్త టెలిగ్రాంలు ఇచ్చింది నేను. ఆ పేజీలో ఎర్ర సిరాతో పేరు రాయాలనుకుంటే నా పేరు రాసుకోండి. ఆయన జబ్బుపడ్డారని మాత్రం నేను రాయను. ఆయన ఇంటికొచ్చారు. అంతే."

చప్పట్లు కొట్టిన వాళ్లున్నారు, తల దించుకున్న వాళ్లున్నారు, విసుక్కుంటూ గడియారం చూసుకున్న వాళ్లూ ఉన్నారు. నేను దిగి, నేరుగా కార్యదర్శి గారి బల్ల దగ్గరికి వెళ్లి ఫారం పెట్టాను. ఆయన తిప్పి చూశారు. సంతకం ఉండాల్సిన చోట ఖాళీ. వెనక నా రాత.

ఆయన చాలాసేపు చదివారు. 'కూతురికి జ్వరమని భార్య టెలిగ్రాం ఇస్తే ఇంటికి వచ్చారు. పొలం విత్తి తిరిగి వెళ్లారు. శిక్ష అనుభవించారు. ఇది తెలిసి పేరు చెక్కుతామంటే చెక్కండి. దాచి చెక్కేట్టయితే వద్దు.' ఇంతే ఉంది అందులో.

"ఇది కమిటీలో పెట్టాలమ్మా. ఒప్పుకుంటారని చెప్పలేను."

"నేనూ అదే అనుకుంటున్నాను. ఒప్పుకోకపోతే వచ్చే నెల ఇంకోటి రాసుకొస్తాను. ఆ పై నెల ఇంకోటి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అక్షరదోషాలు చాలా ఉన్నాయి. దిద్దించి తెస్తారా?"

"ఉండనివ్వండి. అబద్ధమైతే లేదుగా. అందినట్టు ముద్ర వేసి నకలు ఇవ్వండి."

"ఇప్పుడా? ఇవాళ ఆఫీసు సెలవమ్మా."

నేను కుర్చీ లాక్కుని బల్లకు ఎదురుగా కూర్చున్నాను. మా అమ్మాయి ఇంకోటి లాక్కుని నా కుడిపక్కన కూర్చుంది. కార్యదర్శి గారు మా ఇద్దర్నీ చూసి, జేబులో తాళాల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు.