టేపు వేసిన కేజ్ కార్డులు

దేదీప్య ఎలుకలకు ఏ జబ్బూ లేదట. ఉన్నట్టు ఆ పిల్లకే కనిపిస్తుందట. అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో పక్క అపార్ట్‌మెంట్ విజయశ్రీ ఆంటీ ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతూ స్మృతితో అన్న మాట ఇది. దేదీప్య రూమ్మేట్ కదా, స్మృతి దాన్ని కూరల సంచీతో పాటే ఇంటికి మోసుకొచ్చింది.

"వాళ్లాయనే అన్నడట. నీ థీసిస్ మళ్ల మొదటికొస్తదట."

"రానీ, చూద్దాం," అంది దేదీప్య, కారు మీది మంచు గీకే బ్రష్ వెతుక్కుంటూ.

ఆ వాళ్లాయన, అంటే ఆంటీ భర్త రాధాకృష్ణ, దేదీప్య ల్యాబ్‌లోనే సీనియర్. గొడవంతా ఒక్క కణం గురించి. ఒక ఎలుక ఎముక మజ్జను ఇంకో ఎలుకకు ఎక్కిస్తే, దాంతో పాటు వెళ్లిన టి కణాలు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, కొత్త ఒంటిని పరాయిదనుకుని చర్మాన్నీ పేగుల్నీ కొరుక్కుతింటాయి. అది రకరకాల కణాల గుంపు కలిసి చేసే పనేనని రాధాకృష్ణ వాదన. దేదీప్య ఒకే ఒక్క టి కణాన్ని పెంచి, దాని సంతానాన్ని మాత్రమే, టి కణాలు తీసేసిన మజ్జలో కలిపి ఎక్కించింది. ఎలుకలు గూని పడ్డాయి, బొచ్చు రేగింది, చిక్కిపోయాయి. ఆ సంతానం కలపకుండా, టి కణాలు తీసేసిన ఉత్త మజ్జ ఎక్కించినవి మేత నములుతూ నిక్షేపంగా ఉన్నాయి.

"నువ్వు కోరుకున్నావు గనక నీకలా కనపడ్డాయి," అన్నాడు రాధాకృష్ణ అప్పట్లో.

ఆమె వాదించలేదు. ప్రయోగం మొత్తం మళ్లీ చేసింది. ఈసారి ఏ కేజ్‌లో ఏవున్నాయో చెప్పే కార్డులన్నిటి మీదా నల్ల టేపు అంటించి, "ఏ ఎలుకకి జబ్బు ఎంతుందో మీరే చూసి మార్కులెయ్యండన్నా," అని పెన్ను అతని చేతిలో పెట్టింది. నెల్లాళ్లు వేశాడు, రోజూ సంతకంతో సహా.

ఇవాళ ల్యాబ్ పెద్ద ప్రొఫెసర్ గీతాంజలి గారి ముందు టేపులు పీకారు. జబ్బు మార్కులు పడ్డ పది ఎలుకలూ ఆ ఒక్క కణం సంతానం ఎక్కించినవే. ఉత్త మజ్జవి పదీ సున్నా దగ్గరే ఉన్నాయి.

గీతాంజలి గారు కళ్లజోడు పైకి నెట్టుకున్నారు. "రాధా, ఏమంటావ్?"

"స్కోరింగ్ మీద నాకు నమ్మకం లేదు మేడం. గూని, బొచ్చు, ఇవన్నీ చూసే కంటిని బట్టి ఉంటాయి. ఇంకో ఏడాది తీసుకుని మొదట్నించీ చేస్తే ఈ అమ్మాయికే మంచిది."

దేదీప్య మార్కుల కాగితాలను బల్ల మీద అతని వైపు జరిపింది, సంతకాలు పైకి కనపడేలా.

"ఆ కన్ను మీదే అన్నా. నేను మళ్లీ చెయ్యను."