పక్కకు జరిపిన నరం

దర్జీకి బావమరిదంటే మొదటినుంచీ పడదు. పళ్ళ డాక్టరయ్యాక ఒక్క చొక్కా అయినా తన దగ్గర కుట్టించుకోలేదన్నది పైకి చెప్పే కారణం. చివరికి భార్య పోరు పడలేక అతని కుర్చీలోనే నోరు తెరుచుకుని పడుకోవాల్సి వచ్చింది.

కుడివైపు కింది దవడపళ్ళు ఊడి పన్నెండేళ్ళయింది. ఎముక అరిగిపోయి, పెదవికి స్పర్శనిచ్చే నరం పైనే మిగిలింది. కొత్త పళ్ళను నిలబెట్టే మరలు దవడలోకి దిగాలంటే ఎముకను కిటికీలా కోసి ఆ నరాన్ని పక్కకు జరపాలి. పెదవి మొద్దుబారచ్చు, ఒక్కోసారి అలాగే ఉండిపోవచ్చు, తీసి పెట్టుకునే పళ్ళతో సరిపెట్టుకోమని బావమరిది మూడుసార్లు చెప్పాడు. చేతకాకపోతే ఆ మాటే చెప్పమంటూ దర్జీ సంతకం గీకేశాడు.

ఆపరేషన్ అయ్యాక కింది పెదవి తనది కాకుండా పోయింది. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని ఒకావిడకు గౌను సరిచేస్తుంటే తెల్లబట్ట మీద నెత్తురు చుక్కలు రాలాయి. ఆమె చెబితేగాని సూది దిగిందని తెలియలేదు. అక్కణ్ణుంచే క్లినిక్‌కు వెళ్ళి నలుగురి ముందూ బావమరిదిని దులిపేశాడు. అతను తల వంచుకుని విని, నెలనెలా వచ్చి చూపించుకోమన్నాడు.

ప్రతినెలా దూదిపోగుతో పెదవి మీద రాసి చూసేవాడు. నాలుగో నెలకల్లా దర్జీకి ఆ పోగు స్పష్టంగా తెలిసింది.

"తెలుస్తోందా బావా?"

"లేదు."

బావమరిది ముఖం వాడిపోతే దర్జీకి కడుపు నిండినట్టయింది. తర్వాతి నెలల్లోనూ అదే జవాబు.

తమ్ముడు ఈ ఆపరేషనే మానేశాడని, వచ్చినవాళ్ళను తిప్పి పంపేస్తున్నాడని, తిండి కూడా సయించడం లేదని భార్య ఒకరోజు చెప్పింది. దర్జీ కాజా కుడుతూ తల ఎత్తకుండానే, "మంచిదేగా," అన్నాడు.

ఏడో నెలలో బావమరిది దూదిపోగుకు బదులుగా, ముందు చెప్పకుండా, సూది ఆనించాడు. దర్జీ ఉలిక్కిపడ్డాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"మూడు నెలలు. అయితే ఏంటి? అంతకుముందు నేను పడలేదా?"

బావమరిది చేతితొడుగులు విప్పి, ఫైలు తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు. "మిగతా పని ఇంకెవరి దగ్గరైనా చేయించుకోండి. మా ఇంటికి రాకండి."

ఇరవయ్యేళ్ళలో అతను 'మీరు' అనడం అదే మొదలు. విషయం తెలిశాక భార్య కూడా అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

మరలకు పళ్ళు బిగించింది వేరే డాక్టరమ్మ. పాత ఎక్స్‌రేలు చూసి, పెదవి తాకి చూసి, ఈ పని ఎవరు చేశారో గానీ చేయి తిరిగినవాళ్ళే అని మెచ్చుకుంది. ఎవరని అడిగింది.

"ఎవరో," అన్నాడు దర్జీ, కొత్త పళ్ళు కొరికి చూసుకుంటూ.