బల్ల మీది పల్లం

కూతురు తన తల్లి బల్లని పాడుచేసింది. అందులో వాదించడానికేమీ లేదు. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. బాగుండవచ్చు. బాగుంటూనే పాడైపోయినవి లోకంలో చాలా ఉన్నాయి.

వడ్రంగి అప్పుడు ఇంట్లో లేడు. పొరుగూళ్ళో తలుపుల పని ఉంటే వెళ్ళాడు. తాళంచెవి కూతురికి ఇచ్చాడు, కుండీల్లో నీళ్ళు పోస్తుందని. ఆమెకి వీధి మలుపులో చిన్న దుకాణం ఉంది. జనం పారేసినవాటికి కొత్త రూపు ఇచ్చి అమ్ముతుంది. విరిగిన కుర్చీ కాళ్ళు దీపపు స్తంభాలవుతాయి, చిరిగిన కోట్లు దిండు గలీబులవుతాయి. మెత్తబడిన పళ్ళు జామ్ అయి, మూతికి గళ్ళగుడ్డ కట్టుకుని సీసాల్లో కూర్చుంటాయి. తల్లి పోలిక అంటారు అందరూ. తల్లి అవసరానికి చేసేది, కూతురు అందానికి చేస్తుంది అంటాడు వడ్రంగి.

తిరిగొచ్చేసరికి వంటింటి బల్ల ఆకాశం రంగులో మెరుస్తోంది. అంచుల దగ్గర మాత్రం రంగు అరిగి కర్ర కనబడుతోంది.

"ఎలా ఉంది నాన్నా?" అంది కూతురు.

"ఈ అంచులకేమైంది?"

"పాతగా కనబడాలని నేనే గీకాను."

"పాతదాన్ని కొత్తది చేసి, మళ్ళీ పాతగా కనబడాలని గీకావా."

"ఇప్పుడందరూ అలాగే కావాలంటున్నారు."

"ఈ లెక్కన మామయ్యగారికి గిరాకీ ఎక్కువే. ఎవరూ గీకక్కర్లేదు కూడా," అన్నాడు పక్కనే నిలబడ్డ అల్లుడు.

వడ్రంగి నవ్వలేదు. "పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని విన్నాను. పులే నక్క వేషం కట్టడం ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు. తర్వాత బల్ల మధ్యకి చూసి, "పల్లం ఏది?" అని అడిగాడు.

"చిత్రిక పట్టేశాను. పలక గాజులా వచ్చింది. చెయ్యి పెట్టి చూడు."

అతను చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

కాపురానికొచ్చిన నాటి నుంచి అతని భార్య ఆ బల్ల మీద ఒకే చోట పిండి పిసికింది. కర్ర అరిగి అరిగి అక్కడ పల్లం పడింది. ఆ ఇంట్లో తక్కెడ లేదు, కొలగిన్నె లేదు. ఇంట్లో ఉన్నదాన్ని అంగట్లో కొనడం దేనికి అనేది ఆమె. పల్లం నిండా పిండి పోసి అరచేత్తో చదును చేస్తే ఒక రొట్టెకి సరి. నీళ్ళు సత్తుగ్లాసుడు. ఆమె పోయాక అతనూ అలాగే చేసుకుంటున్నాడు. ఆమె వదిలి వెళ్ళినవాటిలో నోటికి తెలిసేది ఆ రొట్టె ఒక్కటే. ఈ కొలత సంగతి కూతురికి తెలియదు. తల్లి పిండి గుమ్మరించడం చూసి, అదంతా చేతి అంచనా అనుకుందామె.

మర్నాడు పొద్దున్నే పిండి పోశాడు. నున్నటి నీలం మీద అది ఎటు పడితే అటు జారింది. కంటి అంచనాతో పిసికాడు. రొట్టె ఇటుకలా వచ్చింది. మళ్ళీ పోశాడు. ఈసారి జిగురై వేళ్ళకి అంటుకుంది. మెతుకు పారెయ్యని ఇంట్లో పిండి దండగైంది. కాలు కాలిన పిల్లిలా వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి తిరిగాడు. కిటికీ తీశాడు, వేశాడు. కూర్చున్నాడు, లేచాడు. లేచినందుకు పనేమీ లేక మళ్ళీ పిండి డబ్బా మూత తీశాడు.

కూతురు వచ్చేసరికి పెరటి గోడ మీద కాకులు కూడా ముట్టని రొట్టెలు వరసగా ఉన్నాయి.

"ఏంటి నాన్నా ఇవి?"

"నీ చిత్రిక పని. పల్లం మీ అమ్మ కొలత."

అర్థం కావడానికి ఆమెకి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు అడగలేదు."

"ఏమని అడగను నాన్నా? వడ్రంగి ఇంట్లో ఇంత గుంటబల్లా, ఎవరైనా చూస్తే నా పరువేం కాను అని సణిగింది నువ్వు కాదా? ఏదో ఒకరోజు చిత్రిక పట్టేస్తానన్నది నువ్వు కాదా? పట్టావంటే ఆ పూట నీకు రొట్టె లేదయ్యా అనేది అమ్మ. మీ ఇద్దరి సరసం అనుకున్నాను. నీకు తీరిక చిక్కక ఆగిపోయిందనుకున్నాను. నీ బదులు నేను చేశాను. నీ చిత్రికతోనే చేశాను."

ఆమె చెప్పింది నిజమే. నిజమైనంత మాత్రాన క్షమించినట్టు కాదు.

ఆమె లేచి పనిపెట్టె తెరిచింది. గుండ్రటి ఉలి తీసి అతని ముందు పెట్టింది. "ఎక్కడో చూపించు. ఎంత లోతో చెప్పు. నువ్వు చెక్కినా సరే, నేను చెక్కినా సరే. సాయంత్రానికి రొట్టె తిందువు గాని."

అతను ఉలి అందుకున్నాడు. ఎక్కడో అతనికి తెలుసు. కిటికీకి ఎదురుగా, భార్య నిలబడితే కుడిచెయ్యి వాలే చోట. ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. నీలిరంగు పెచ్చు లేచి లోపలి కర్ర తెల్లగా బయటపడింది. రెండో దెబ్బకి సుత్తి ఎత్తి, అలాగే ఆగిపోయాడు. ఎంత లోతు? గుమ్మం ఒరిగిందో లేదో వీధిలోంచి చూసి చెప్పే మనిషి, ఆ పల్లాన్ని తప్పుగా తప్ప ఎన్నడూ చూడలేదు. తప్పుని సరిచెయ్యాలనుకుంటారు గానీ కొలిచి పెట్టుకోరు.

ఉలి తుడిచి పెట్టెలో పెట్టాడు.

"తూకం వేసి చూద్దాం నాన్నా. నాలుగుసార్లు తప్పినా అయిదోసారికి కుదురుతుంది. రుచి నీకు గుర్తుందిగా."

"వద్దు. అంగట్లో కొనుక్కుంటాను."

"అమ్మ రొట్టె అలా వదిలేస్తావా?"

అతను సంచి భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"ఇంటికి రా, కూర్చో, తిను. కాదనను. ఈ బల్ల మాట మాత్రం నా దగ్గర ఎత్తకు. నువ్వు ఎత్తినా నేను పలకను. ఇవాళ కాదు, నేను పోయేదాకా పలకను."