నూట పద్దెనిమిది

"ఎవరి బిడ్డల్నో పట్టుకోవడానికి పోతున్నావు, బాగానే ఉంది. నీ బిడ్డని ఎవరు పట్టుకోవాలి?" అని అత్తగారు అడిగేటప్పటికి ఆమె పాప తడిపిన దుప్పటి పిండుతోంది. ఈ ప్రశ్న మూడు నెలలుగా రోజూ పొద్దున్నే ఆరింటికి తప్పకుండా వస్తోంది. జవాబు కోసం అడిగే ప్రశ్న కాదు కాబట్టి ఆమె దుప్పటి ఆరేసింది. పాపకి రెండు పూటలకీ తిండి, పాలు, మందు సీసా, వేయాల్సిన గౌను, అన్నీ బల్ల మీద వరసగా పెట్టింది. మొగుడి చొక్కా ఇస్త్రీ చేసింది. తల దువ్వుకోవడానికి నాలుగు నిమిషాలు మిగిలితే అందులో మూడు పాప ఏడుపుకి పోయాయి.

"నేనేమీ వద్దనలేదు కదా" అంటాడు మొగుడు. నిజమే, ఏనాడూ అనలేదు. వద్దనకపోవడమే పెద్ద సాయం అనుకునే మంచివాళ్ళలో అతనొకడు. ఆవేళ అతనికి సెలవు. సెలవు రోజున మనిషి అలిసిపోయి ఉంటాడు కాబట్టి లేపకూడదు. ఆమెకి సెలవెప్పుడని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

ఇంత హడావుడీ ఎందుకంటే, ఆరోజు ఆమె గడువుకి ఆఖరి రోజు. ఆమెకి ఇరవై రెండేళ్ళు. అమ్మ మంచాన పడితే ఇల్లు చూసుకోవడానికి పదో తరగతి మధ్యలో మానేసిన మనిషి. సర్టిఫికెట్ అనేది ఒక్కటీ లేదు. పంతొమ్మిదో ఏట పాప పుట్టినప్పుడు, కాన్పు గదిలో అందరూ ఆమె తల మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటే, ఒక్కావిడ మాత్రం వంగి "నీకేం కావాలమ్మా?" అని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆమెని అడిగినవాళ్ళు లేరు. ఏం చెప్పాలో తోచక మంచినీళ్ళు అడిగింది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట మనసులోంచి పోలేదు. తనూ ఎవరినైనా అలా అడగాలనుకుంది. అందుకే, చదువు లేకపోయినా రాయడం, చదవడం వస్తే మిడ్‌వైఫ్ శిక్షణకి తీసుకుంటామని అదే ఆసుపత్రివాళ్ళు చెప్పగానే, ఎవరితోనూ అనకుండా వెళ్ళి పేరిచ్చి వచ్చింది. మూడు నెలలు పని చూస్తారు. నచ్చితే రెండేళ్ళ చదువు, లేకపోతే ఇంటికి. నీళ్ళడిగితే తాగించిన ఆవిడే ఇప్పుడు పెద్ద సిస్టర్. ఆవిడకి ఈమె గుర్తు లేదు. మొదటి రోజే గట్టిగా చెప్పింది: "చార్టులో ఒక్క తప్పు రాత కనిపించిందా, ఇక రానక్కర్లేదు." సర్టిఫికెట్లున్న మిగతా అమ్మాయిలు ఈమెని ట్రయల్ పిల్ల అని పిలుస్తారు.

ఆరోజు ఆమెకి అప్పగించింది తొలికాన్పు మనిషిని. నొప్పి తగ్గగానే గొట్టం కడుపు మీద ఆనించి, చెవి పెట్టి, నిమిషం నిండా బిడ్డ గుండె లెక్కపెట్టాలి. ఎడమ చేత్తో తల్లి మణికట్టు పట్టుకునే ఉండాలి. ఎందుకంటే నొప్పుల్లో తల్లి గుండె కూడా పరుగెడుతుంది. తల్లి నాడి చేతికీ, బిడ్డ గుండె చెవికీ వేరువేరుగా తెలియాలి. రెండూ ఒకేలా కొట్టుకుంటుంటే చెవిలో వింటున్నది బిడ్డని కాదన్నమాట. కొత్తవాళ్ళు మోసపోయేది అక్కడే. పొద్దున్నుంచీ ఆమె రాసినవి వరసగా నూట నలభై నాలుగు, నూట నలభై, నూట ముప్పై ఎనిమిది. మూడున్నరకి నూట పద్దెనిమిది. నూట పదికి తగ్గలేదు కాబట్టి ఫరవాలేదనే అంకె. పెద్ద సిస్టర్ చార్టు చూసి తలూపింది. గడువు పూర్తి చేసిందనే కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చింది. తర్వాతి డ్యూటీ అమ్మాయి వచ్చి మంచం పక్కన కూర్చుంది. సంతకం మీద సిరా ఇంకా ఆరలేదని ఆమె దాన్ని మడవకుండా బట్టలు మార్చుకునే గదిదాకా పట్టుకుపోయింది. అంత సంతోషం ఆమెకి ఈమధ్య తెలియదు.

అప్పుడు ఫోన్ మోగింది.

మూడుసార్లు చేస్తే ఎత్తవేం అని మొగుడు. పాప గౌను కోసం చేశాడట. బల్ల మీద పెట్టిన గౌను కోసం, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుండగా.

"చేతులు ఖాళీ లేవండీ" అంది.

అని, ఆగిపోయింది. మూడున్నరకి వింటున్నప్పుడు కుడి చేయి గొట్టం మీద ఉంది. ఎడమ చేయి? జేబులో ఫోన్ గిలగిల్లాడుతుంటే అది ఆగేదాకా జేబుని అదిమి పట్టుకుంది ఎడమ చేయి. మూడుసార్లూ అంతే. మణికట్టు పట్టుకోలేదు. మరి ఆ నూట పద్దెనిమిది ఎవరిది?

అవతల అతను చెప్పుకుపోతున్నాడు. అమ్మకి పన్ను సలుపుతోంది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, పాపని వెంట తిప్పలేం, అరగంటలో వచ్చెయ్ అంటున్నాడు. కాగితం చేతిలోనే ఉంది. చూసినవాళ్ళెవరూ లేరు. బిడ్డ బాగానే ఉండొచ్చు. కొత్తగా కూర్చున్న అమ్మాయి ఇంకాసేపట్లో ఎలాగూ వింటుంది. ఇంకాసేపు అంటే బిడ్డకి ఎంతసేపో ఆమెకి మూడు నెలల్లో బాగా తెలిసింది.

"నేనిప్పుడు రాలేను" అంది.

"ఇన్నాళ్ళూ నేను వద్దనలేదు. ఇవాళ అంటున్నాను. ఇప్పుడు రాకపోతే రేపట్నుంచి వెళ్ళే పనే లేదు."

ఆమె ఫోన్ పెట్టేసి వరండాలో పరుగెత్తింది. పెద్ద సిస్టర్ కాన్పు గది గుమ్మంలోనే ఎదురైంది. "ఆ ఆఖరి అంకె బిడ్డది కాకపోవచ్చు సిస్టర్. నేను మణికట్టు పట్టుకోలేదు" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. సిస్టర్ వెంటనే వెళ్ళి గొట్టం ఆనించి, మణికట్టు పట్టుకుని విన్నది. నిమిషం పూర్తికాకుండానే తలెత్తింది. తల్లిది నూట ఇరవై. బిడ్డది ఎనభై కూడా లేదు.

తర్వాత అంతా గబగబా జరిగింది. గంట కొట్టారు, తల్లిని పక్కకి తిప్పారు, డాక్టర్ వచ్చింది. ఏమైందో తెలియని ఆ తల్లి చేతికందిన ఈమె చేయి పట్టుకుని "చెల్లీ, నా బిడ్డ బతికే ఉందా?" అని అడిగింది. "ఉందక్కా, నేనిక్కడే ఉంటాను" అంది ఆమె, తనకే వినిపించనంత చిన్నగా. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు చుట్టుకుని బయటికొచ్చిన బిడ్డ ఏడవలేదు. వీపు రాశారు, ముక్కు తుడిచారు. చివరికి పిల్లి కూనలా సన్నగా మొదలై, గోడలదిరేలా ఏడ్చింది. అప్పుడుగానీ ఆమె తల్లి చేయి వదల్లేదు.

వరండాలోకి రాగానే సిస్టర్ చెయ్యి చాపింది. ఆమె కాగితం ఇచ్చేసింది. సిస్టర్ దాన్ని రెండు ముక్కలు చేసింది.

"ఎందుకు పట్టుకోలేదు?"

చెప్పడానికి బోలెడుంది. ఫోన్, గౌను, మూడు నెలలుగా నిండా పట్టని నిద్ర. అన్నీ నిజాలే. కానీ ఆ ఇంట్లో కూరలో ఉప్పు తగ్గినా, పాపకి జలుబు చేసినా, ఆరేసిన బట్టలు వానకి తడిసినా తప్పు ఆమెదే. ఎన్నేళ్ళుగానో చెయ్యని తప్పులన్నీ ఒప్పుకుంటూ వచ్చింది. ఇది మాత్రం తను చేసింది. దీన్ని ఎవరి చేతిలోనూ పెట్టాలనిపించలేదు.

"ఫోన్ బయట పెట్టాల్సింది సిస్టర్, పెట్టలేదు. తప్పు నాదే."

"తప్పు రాసినవాళ్ళని పంపించేస్తాను. వెనక్కొచ్చి చెప్పినవాళ్ళని ఏం చెయ్యాలో రూల్లో లేదు" అంది సిస్టర్. "మూడు నెలలూ మళ్ళీ మొదట్నుంచి చెయ్యి. రేపు ఏడింటికి రా."

ఇంటికొచ్చేసరికి అత్తగారు బుగ్గ పట్టుకుని కూర్చుని ఉంది. పాప వంటిమీద గౌను తిరగేసి ఉంది, మెడనిండా పాలు. మొగుడు ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది, కాగితం చించేసిన సంగతితో సహా. అతని ముఖం తేటపడింది.

"పోనీలే, ఏదో సరదా పడ్డావు. ఇక హాయిగా ఇంట్లో ఉండు."

"రేపు ఏడింటికి వెళ్ళాలి. మళ్ళీ మొదటి రోజు. ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్తాను. పొద్దున పాప పని మీరు చూడండి."

"వెళ్ళే పనే లేదని చెప్పానా!"

"చెప్పారు, విన్నాను. వెళ్తున్నాను."

అత్తగారు పన్ను సంగతి మర్చిపోయి తలెత్తింది. అతను తల్లి వైపు చూశాడు, పాప వైపు చూశాడు. అరిస్తే ఆమె ఎప్పటిలా తలొంచుకునేదేమో. కానీ అతని గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది.

"నాకు అవన్నీ చేతకావు."

ఆమె పాపని ఎత్తుకుని, మెడ తుడిచి, తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"నేర్చుకోండి" అంది. "మీకూ మూడు నెలలు గడువిస్తున్నాను."