నొస్తాందని చెప్పే ధైర్యం

ప్రతి ఆదివారం పొద్దున్నే ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సెక్కే ఆ తండ్రీకూతుళ్లను చూసి తెలిసినవాళ్లు ముచ్చటపడేవారు. తండ్రి శివప్రసాద్ మగ్గం నేస్తాడు. తొమ్మిదేళ్ల అశ్విని ఆదోనిలో జిమ్నాస్టిక్స్ నేర్చుకునేది. ఆ శిక్షణ కేంద్రం గోడ నిండా పతకాలే. తల్లిదండ్రులు మాత్రం గేటు బయటే ఉండాలి. లోపలినుంచి ఏడుపు వినిపించినా, గట్టి శిక్షణంటే ఇలాగే ఉంటుంది కాబోలని శివప్రసాద్ సర్దుకునేవాడు. మనలో చాలామందిమి అలాగే సర్దుకుంటాం.

ఒక ఆదివారం అశ్విని మంచం దిగలేదు. మోకాలిని తల్లి నాగవేణి తాకితే పిల్ల ఉలిక్కిపడింది.

"ఎన్నాళ్ల నుంచి నొస్తాంది?"

"శానా దినాలాయ. సెప్తే సారు ఇంకా గట్టిగా వంచుతాడమ్మా."

చొక్కా గుండీలు పెట్టుకుంటున్న శివప్రసాద్ చేతులు ఆగిపోయాయి.

డాక్టరు నెల రోజులు విశ్రాంతి చెప్పాడు. ఆ తర్వాత నాగవేణి, ఊళ్లోనే కరీమున్నీసా అనే ఆమె జిమ్నాస్టిక్స్ నేర్పిస్తున్న చోటికి తండ్రీకూతుళ్లిద్దరినీ తీసుకుపోయింది. పాత పత్తి గోడౌను, నేలంతా పరుపులు. గోడలు బోసిగా ఉన్నాయి. శివప్రసాద్‌కు నమ్మకం కుదరలేదు.

"మీరూ లోపలే కూర్చోండన్నా," అంది కరీమున్నీసా.

కాళ్లు చాపే వ్యాయామంలో అశ్విని పెదవి బిగబట్టింది. కరీమున్నీసా వెంటనే ఆమె ఎదుట కూర్చుంది.

"నొస్తాందా?"

అశ్విని తండ్రి వైపు చూసి, మెల్లగా "ఊ" అంది.

"సెప్పి మంచి పని చేసినావు. ఈ పొద్దుకు ఇంతే సాలు."

"ఇట్లయితే ఎప్పుడు నేర్చుకుంటాది మేడం?" అన్నాడు శివప్రసాద్.

"భయపడితే ఒళ్లు బిగుసుకుంటాదన్నా. బిగుసుకున్న ఒంటికే దెబ్బ తగిలేది. భయం పోనియ్యండి, తానే నేర్చుకుంటాది."

మూడు నెలలకు ఒక సాయంత్రం అశ్విని వెనక్కి వంగి, చేతులు నేలకానించి, కాళ్లు గాల్లోకి లేపి చక్కగా అవతలికి దిగింది. ఎవరూ పట్టుకోలేదు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

"నాన్నా, మల్లా సేస్తా సూడు," అంటూ నాలుగుసార్లు చేసింది. అయిదోసారి తండ్రినే పరుపు మీదికి లాగింది. పంచె ఎగ్గట్టి పిల్లిమొగ్గ వేయబోయిన శివప్రసాద్ పక్కకు దొర్లిపోతే, చూడవచ్చిన నాగవేణికి నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి.

మరుసటి వారం పొరుగింటి ఖలందర్ అడిగాడు. "మా బిడ్డ సనాను జిమ్నాస్టిక్స్‌కు యాడ చేర్పించల్లప్పా?"

శివప్రసాద్ తడుముకోలేదు. "ముందు లోపలికి పోయి సూడన్నా. ఆడ పిల్లోళ్లు నొస్తాందని భయం లేకుండా సెప్పగలుగుతాండారా, ఆ మాట విని సెయ్యి ఆపే గురువు ఉండాడా సూడు. అట్లాంటి గురువు దగ్గరే బిడ్డను వదలాల."