పేరు లేని చోట పదిహేను నిమిషాలు

నేను ఒక రోడ్డు పటాన్ని. బెజవాడలో అచ్చు యంత్రం కింద నలిగి, ఎనిమిది మడతలు పడి, బస్టాండు పుస్తకాల కొట్లో తాడుకు వేలాడాను. సముద్రానికి నీలం, రోడ్డుకు ఎరుపు, ఊరికి నల్ల చుక్క. చిన్న ఊళ్ళకు చుక్క కూడా పెట్టలేదు. అచ్చు వేసినవాడికి చోటు చాలలేదు. అక్కడ మనుషులున్నారో లేదో వాడికి అనవసరం.

నన్ను మొదట కొన్నది కొత్తగా పెళ్ళయిన జంట. కాకినాడ చేరేలోపే పోట్లాడుకుని నన్ను సీటు మీదే వదిలేసి దిగిపోయారు. కండక్టరు నన్ను బస్టాండు కంట్రోలర్ సోమలింగానికి అప్పజెప్పాడు. ఆయన నాకు చీటీ కట్టి బీరువాలో పెట్టాడు. ఎవరైనా అడుగుతారేమోనని గడువు ముగిసేదాకా చూసి, ఆ మర్నాడు ఇంటికి తీసుకెళ్ళాడు. ఒక్క రోజు ముందు తీసుకెళ్ళలేదు. అంత నిక్కచ్చి మనిషి. నిక్కచ్చి మనుషుల ఇళ్ళలో బతకడం ఎలా ఉంటుందో ఆయన భార్య నూకరత్నాన్ని అడగాలి.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె అన్న సన్నిబాబు, తన కూతురి పెళ్ళిలో బావగారిని భోజనానికి రెండో బంతి దాకా ఆగమన్నాడు. కావాలని కాదు. మగపెళ్ళివారు ఒక్కసారిగా దిగారు. సోమలింగం పందిట్లోంచి లేచి, "ఈ ఊరి పొలిమేర మళ్ళీ తొక్కను," అన్నాడు. తొక్కలేదు. భార్యనూ తొక్కనివ్వలేదు. "పోవాలనుంటే పో. మళ్ళీ రానక్కర్లేదు," అనేవాడు. ఆమె పోలేదు.

ఈ మాఘంలో సన్నిబాబుకు పక్షవాతం వచ్చింది. మాట రోజురోజుకూ పడిపోతోందని కబురొచ్చింది. మాట ఉండగా అన్నను ఒక్కసారి చూసి వస్తానని ఆమె భర్తను అడిగింది. ఆయన పాత జవాబే చెప్పాడు. నాలుగు రోజులు ఊరుకుంది. అయిదో రోజు వేరే మాట ఎత్తింది.

"ఏవండీ, సముద్రం పక్కనే కార్లో విశాపట్నం దాకా ఎళ్ళాలనుందండి. అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది కదా, అదే తోలుతుంది."

రిటైరయ్యాక ఆయనను ఎవరూ బస్సుల వేళల చార్టు రాయమని అడగలేదు. ముఖం వెలిగింది. నన్ను నేల మీద పరిచి, స్కేలూ పెన్సిలూ పట్టుకుని కూర్చున్నాడు. ఉప్పాడ, సూర్యోదయం, పది నిమిషాలు. పెంటకోట, టిఫిను, ఇరవై. రేవుపోలవరం, రాళ్ళ మీద గుడి, పాతిక. ముత్యాలమ్మపాలెం, భోజనం. ఒంటికి పోవడానికి కూడా వేళ రాశాడు. సముద్రం ఎప్పుడెప్పుడు అందంగా ఉండాలో కూడా ఆయనే తేల్చాడు.

అప్పుడు నూకరత్నం వేలు పెంటకోటకూ రేవుపోలవరానికీ మధ్య ఖాళీ మీద ఆగింది. ఆ వేలు ఎంత గట్టిగా నొక్కుతోందో నా ఒక్కదానికే తెలిసింది.

"ఇక్కడ కూడా కాసేపు ఆపుదామండి. సరుగుడు తోటలు, ఇసక దిబ్బలు, చాలా బాగుంటదంట."

"పేరు లేదేంటి దీనికి?"

"ఇసక్కి పేరేంటండి!"

అది ఆమె పుట్టిన పోలిపాలెం. సోమలింగానికి అందలేదు. ఆ ఊరికి ఆయన ఎప్పుడు వెళ్ళినా హైవే మీద బస్సు దిగి, బండెక్కి, పడమటి వైపు నుంచే వెళ్ళాడు. ఊరికి తూర్పు కూడా ఉంటుందని ముప్పై ఏళ్ళు బస్సులు నడిపించినవాడికి తట్టలేదు. బస్సు పోని దారి ఆయన లెక్కలో దారే కాదు.

ఇంతలో కూతురు హైమ ఫోను తీసింది. "ఉండు నాన్నా, ఇందులో చిన్న చిన్న ఊళ్ళు కూడా కనపడతాయి. ఇదిగో, ఇక్కడేదో ఉంది... పో..."

"లోపల పెట్టవే దాన్ని!" నూకరత్నం కసిరింది. "మీ నాన్న పటం పరిచాక మళ్ళీ ఫోనెందుకు? ఆయనకి తెలీని దారులా?"

"అదీ మాట!" అన్నాడు సోమలింగం. పెన్సిలు దించి, నా ఖాళీలో పదిహేను నిమిషాలని రాశాడు.

హైమ తెరను చూసింది, తల్లిని చూసింది, ఫోను ఆపేసింది.

తొమ్మిదీ ఇరవైకి కారు ఆ ఇసకలో ఆగింది. నూకరత్నం సముద్రం వైపు ఒక్కసారైనా చూడకుండా సరుగుడు తోటలోకి నడిచింది. ఆయన కారు దిగి, నన్ను చంకలో పెట్టుకుని, గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. తొమ్మిదీ ముప్పై అయిదు. నలభై అయిదు.

"హారన్ కొట్టవే."

"ఎవరి మీద నాన్నా, సముద్రం మీదా?"

"మీ అమ్మ ఏదీ?"

"ఇసక చూస్తోంది."

తోటలోంచి కొబ్బరి మట్టలు మోసుకొస్తున్న ముసలాయన ఆయనను చూసి ఆగాడు. "సన్నిబాబుగారి బావగారు కదండీ తమరు? ఇక్కడ నిలబడిపోయారేంటండీ ఎండలో? ఇల్లు ఆ తోటెనకాలే కదా!"

సోమలింగం నన్ను విప్పాడు. వెతికాడు. చూపించడానికి నా దగ్గర చుక్క కూడా లేదు. ఒక్క ఉదుటున కార్లోకి దూరి, పాదాలు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు, అప్పటికి అరగంటగా తొక్కుతున్న నేలను ఇకనైనా తొక్కకూడదన్నట్టు.

పదిన్నరకు నూకరత్నం వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక సీటు మీద ఉన్న తన సంచి తీసుకుంది.

"మీరెళ్ళండి. నేనుంటాను."

"ఉండు! మళ్ళీ రానక్కర్లేదు!"

"సర్లెండి," అంది ఆమె.

ఆయన గడియారం చూసుకుని హైమను బండి తియ్యమన్నాడు. కారు కదిలింది. మిగిలిన చోట్లన్నింటా ఆగి, దిగి, టిక్కు పెట్టుకుని ఎక్కాడు. సముద్రం అన్నిచోట్లా చెప్పిన వేళకే ఉంది.

సన్నిబాబు తొమ్మిది రోజులు బతికాడు. కర్మకాండ అయ్యాక నూకరత్నం బస్సులో ఒంటరిగా ఇంటికొచ్చింది. సోమలింగం గుమ్మంలో ఒక క్షణం నిలబడి, పక్కకు తప్పుకున్నాడు. ఆ వారమే ఆమె నన్ను కత్తెరతో రెండు ముక్కలు చేసి వంటింటి అరల్లో పరిచింది. నా మీద ఇప్పుడు పప్పుల డబ్బాలున్నాయి.

ఆయన రోజూ పొద్దున్నే కాఫీకి వంటింటి దాకా వస్తాడు. గ్లాసు అందుకున్నాక కూడా కదలడు.

"మీ అన్నయ్య... నా గురించి ఏమైనా అన్నాడా?"

"అన్నాడు."

"ఏమన్నాడు?"

ఆమె పొయ్యి వైపు తిరుగుతుంది. మర్నాడు ఆయన మళ్ళీ అడుగుతాడు. నేను ఆయనతోనే తిరిగొచ్చాను కనుక నాకూ తెలియదు. ఆమె చెప్పదు. చెప్పకూడదు కూడా, చెప్పేస్తే ఆయన అడగడం మానేస్తాడు.